కుర్చీలో రాసిన ఎనభై నాలుగు యూనిట్లు

1974 ఏప్రిల్ మొదటి వారంలో నన్ను విద్యుత్ శాఖ మీటర్ల పరీక్షా విభాగానికి సూపర్‌వైజరుగా బదిలీ చేశారు. డిప్లొమా చదివినవాళ్ళకు ఆ రోజుల్లో ఇచ్చే హోదా అది. పర్యవేక్షించడానికి నా కింద ఒక సైకిలు మాత్రం ఉండేది. దాని వెనక కట్టుకున్న సంచిలో ఒక స్టాప్‌వాచీ, హోల్డరుకు బిగించిన ఒక వంద వాట్ల బల్బు, స్క్రూడ్రైవరు, మీటరుకు వేసే సీసపు సీళ్ళు. మూసాపేట నుంచి కూకట్‌పల్లి దాకా ఎవరి మీటరు మీద అనుమానం వచ్చినా ఆ సంచితో నేను వెళ్ళాలి.

నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. ఏ విషయాన్నీ గంభీరంగా తీసుకోలేని జబ్బు ఒకటి ఉండేది. "మా మీటరు పిచ్చెక్కినట్టు తిరుగుతోంది" అని ఎవరైనా కంగారుగా వస్తే, "దవాఖానకు తీసుకపోయిండ్రా?" అని అడిగేవాణ్ణి. మా అసిస్టెంట్ ఇంజనీరు హమీద్ సాబ్ చెవిన ఇలాంటివి పడ్డప్పుడల్లా కళ్ళజోడు పైకి జరుపుకొని, "అరే భాయ్, జోక్ ముఫత్‌ల ఒస్తది, రిపోర్ట్ రాదు. రిపోర్ట్ తే" అనేవారు.

మే మొదటి వారంలో ఒక ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. మూసాపేట దగ్గర ఒక ఫ్యాక్టరీ ఉండేది. దాని పక్కన ఆఫీసర్ల కోసం కట్టిన ఎనిమిది ఇళ్ళ వరుస. అందులో మూడో ఇంట్లో ఉండే కామేశ్వరరావు గారు, ఫ్యాక్టరీలో అసిస్టెంట్ మేనేజరు, టైపు చేయించిన ఫిర్యాదు పంపారు. వాళ్ళింట్లో ప్రతి నెలా ఎనభై, ఎనభై అయిదు యూనిట్లు ఖర్చయ్యేది. ఏప్రిల్ నెలకు నూట అరవై రెండు రాసుకుపోయారు. ఆయన వాదన సూటిగానే ఉంది. మీటర్ రీడరు చలికాలమంతా ఇంటికి రాకుండా అందాజాగా తక్కువ అంకెలు వేశాడు. ఇప్పుడు మొదటిసారి మీటరు చూసి, మిగిలిపోయిన యూనిట్లన్నీ ఒక్క నెల నెత్తిన పెట్టాడు.

మా శాఖలో దీన్ని 'టేబుల్ రీడింగ్' అనేవారు. ఇంటింటికీ తిరగకుండా, హోటల్లో చాయ్ బల్ల మీద కూర్చుని రీడింగు పుస్తకం నింపేయడం. లోకంలో అదేం పెద్ద నేరం కాదు గానీ మా శాఖలో మాత్రం పెద్ద నేరమే. అంతకు ముందు సంవత్సరం ఇద్దరు రీడర్లు ఇందుకే ఇంటికి పోయారు.

ఈ రీడరు పేరు నర్సింహ. మూసాపేట ఊరివాడే. నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు, ప్రొబేషన్ ముగియడానికి రెండు నెలలుంది. ప్రొబేషన్‌లో ఉన్నవాణ్ణి తీసెయ్యడానికి పెద్ద విచారణ అక్కర్లేదు, ఒక కాగితం చాలు. అతనికి ఛార్జి మెమో ఇచ్చారు. ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. సంజాయిషీతో పాటు నా పరీక్ష రిపోర్టు కూడా డివిజనల్ ఇంజనీరు గారి దగ్గరికి వెళుతుంది. ఆయన రెండూ చదివి సంతకం పెడతారు. నర్సింహ ఉద్యోగం ఉండేదీ ఊడేదీ ఆ సంతకంతోనే తేలుతుంది.

ప్రాంతాల ఉద్యమాల వేడి తగ్గని ఆ రెండు మూడేళ్ళు ఎవరు ఎక్కడి నుంచి వచ్చారన్న మాట గట్టిగా వినబడేది. కామేశ్వరరావు గారిది గోదావరి వైపు, నర్సింహది ఇక్కడి ఊరు. ఈ కేసు మీద మా ఆఫీసు వరండాలో అప్పటికే రెండు వర్గాలు తయారయ్యాయి. ఏ వర్గంలోనూ మీటరు చూసినవాడు ఒక్కడు లేడు.

సోమవారం ఉదయం నేను వెళ్ళాను. కామేశ్వరరావు గారు ఆ పూట సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నారు. మీటరు వరండా గోడకు ఉంది. పరీక్ష మొత్తం చెప్పేస్తాను, ఇందులో దాచుకోవలసిన విద్య ఏమీ లేదు. ఇంటి మీటరు లోపల ఒక అల్యూమినియం బిళ్ళ ఉంటుంది, అంచున ఎర్రటి గీత. కరెంటు వాడుతున్నంతసేపూ అది తిరుగుతుంది. ఎన్ని చుట్లకు ఒక యూనిట్టో మీటరు మీదే రాసి ఉంటుంది. ఈ మీటరుకు ఆరు వందలు. మొదట ఇంట్లో అన్నీ ఆపేయించాలి. అప్పుడు బిళ్ళ నిలబడిపోవాలి. ఊరికే పాకుతుంటే మీటరు చెడినట్టు. ఇది నిలబడింది. తర్వాత నా వంద వాట్ల బల్బు ఒక్కటే తగిలించాలి. ఆరు వందల చుట్ల మీటరు దానికి నిమిషానికి సరిగ్గా ఒక చుట్టు తిరగాలి. తిరిగింది. పదిసార్లు చూశాను, పదిసార్లూ నిమిషమే. మా ఆఫీసు గడియారం కూడా అంత నమ్మకంగా నడిచేది కాదు.

"మీటరు బాగానే ఉందండి" అన్నాను.

"నేనూ అదే అంటున్నాను కదండీ. మీటరు మంచిది, మీ మనిషి చెడ్డవాడు" అన్నారు కామేశ్వరరావు గారు. "ఇంట్లో ముచ్చటగా మూడు ప్రాణాలం. నేను, మా ఆవిడ, మా అమ్మ. అమ్మ ఫ్యాను గాలి కూడా పడదంటుంది. మరి నూట అరవై రెండు యూనిట్లు ఎవరు తాగారండీ?"

ఇంట్లో ఏమేం ఉన్నాయో రాసుకోవడం తర్వాతి పని. ఆయన వరండాలో కుర్చీలో కూర్చునే చెప్పారు, నేను ఎదురుగా కూర్చునే రాసుకున్నాను. బల్బులు ఆరు, ఫ్యాన్లు రెండు, ఇస్త్రీ పెట్టె ఒకటి, ఫ్రిజ్ ఒకటి. ఫ్రిజ్ కంపెనీవాళ్ళిచ్చిన పుస్తకం కూడా తెచ్చి చూపించారు. నెలకు సుమారు ముప్పై నాలుగు యూనిట్లు అని అందులో అచ్చులో ఉంది. గుమ్మంలోంచి చూస్తే ముందుగదిలో గోడ పక్కన ఎర్ర వెల్వెట్ ముసుగు వేసుకుని ఏదో నిలబడి ఉంది. పెళ్ళిచూపులకు కూర్చోబెట్టారేమో అనుకున్నాను. దాని దాకా వెళ్ళలేదు. చల్లని నీళ్ళు ఇచ్చారు, తాగి వచ్చేశాను.

ఆఫీసులో కూర్చుని లెక్క వేశాను. బల్బులు, ఫ్యాన్లు, ఇస్త్రీ కలిపి నెలకు యాభై. ఫ్రిజ్ ముప్పై నాలుగు. మొత్తం ఎనభై నాలుగు. కామేశ్వరరావు గారి పాత నెలలతో ఇది చక్కగా సరిపోయింది. ఇంకేం కావాలి? 'మీటరు సరిగా ఉన్నది. ఇంటిలోని సామగ్రికి నెలకు ఎనభై నాలుగు యూనిట్లకు మించి ఖర్చు కావడానికి అవకాశం కనబడదు' అని చిత్తు రాశాను. రెండో వాక్యానికి అర్థం నర్సింహ తప్పు రాశాడనే. ఆ అర్థం నాకు తెలుసు. వాక్యం బాగా కుదిరిందని కూడా అనుకున్నాను.

బుధవారం నర్సింహ నా బల్ల దగ్గరికి వచ్చాడు. చేతిలో మెమో నాలుగు మడతలు పెట్టి ఉంది. బతిమాలడానికి వచ్చాడనుకుని, దాన్ని ఎలా తప్పించుకోవాలా అని ఒక జోకు సిద్ధం చేసుకున్నాను. అతను బతిమాలలేదు. బల్ల మీది చిత్తును తలకిందులుగానే చదివాడు.

"ఎనభై నాలుగు ఎట్ల ఒచ్చింది సారు?"

"లెక్కేస్తె ఒచ్చింది. ఫ్రిజ్జుకు ముప్పై నాలుగు."

"ఫ్రిజ్జును జూసినరా?"

"పుస్తకం జూసిన. కంపెనీ పుస్తకం."

"గట్లనా." అతను చేతిలోని మెమో మడతలు విప్పాడు. "నేను మీటరు జూడకుంట రాసిన్నని నాకు మెమో ఇచ్చిండ్రు. మీరు ఫ్రిజ్జు జూడకుంట రాస్తున్నరు. మీకు మెమో ఎవరిస్తరు సారు?"

నా దగ్గర సిద్ధంగా ఉన్న జోకు దీనికి పనికిరాలేదు. నర్సింహే మళ్ళీ మాట్లాడాడు.

"సోమారం మీరు రీడింగు రాస్కున్నరు గద. రేపు పోయి మల్ల జూడుండ్రి. మూడు దినాలల్ల ఎంత తిరిగిందో ఎరుకయితది. చలికాలం బాకీ అయితె గా మూడు దినాలల్ల మల్లెందుకు తిరుగుతది?"

ఇంత చిన్న సంగతి నాకు తట్టలేదు. డిప్లొమాలో ఉంది, నాలో లేదు.

"నీకేమన్న ఎరుకేనా నర్సింహ? గా ఇంట్ల ఏమయితున్నదో?"

"నాకేం ఎరుక సారు. నాది వరండ దాకనే డ్యూటీ" అని వెళ్ళిపోయాడు. మీటరు అబద్ధం చెప్పదు. 'నాకేం ఎరుక' అన్నప్పుడు నర్సింహ మాత్రం చెప్పాడు. అది నాకు తర్వాత తెలిసింది.

గురువారం పదకొండు గంటలకు మళ్ళీ వెళ్ళాను. సోమవారం రీడింగుకూ దీనికీ తేడా పదహారు యూనిట్లు. అంటే రోజుకు అయిదు పైన, నెలకు నూట అరవై. నర్సింహ రాసింది అక్షరాలా నిజం. ఆ ఇల్లు నూట అరవై రెండు తాగుతోంది, అదీ రోజువారీగా, బాకీలేమీ లేకుండా. కానీ ఇదొక్కటే రాస్తే డివిజనల్ ఇంజనీరు గారు ఎలాగూ అడుగుతారు, 'నీ లెక్క ఎనభై నాలుగు కదా, మిగతా సగం ఎటు పోయింది?' అని. తప్పు ఎక్కడుందో చూపించందే అనుమానం మనిషి మీది నుంచి దిగదు.

కామేశ్వరరావు గారు డ్యూటీలో ఉన్నారు. ఆయన భార్య రాజ్యలక్ష్మి గారు, ముప్పై అయిదేళ్ళ మనిషి, తలుపు తీశారు. "మళ్ళీ వచ్చావేం బాబూ, మీటరు తప్పిపోయిందా?" అన్నారు. మా జోకుల జాతి మనిషే అనుకున్నాను.

ఫ్రిజ్ చూడాలన్నాను. ఆవిడ ముఖంలో నవ్వు కొంచెం తగ్గింది.

ఆ ఫ్రిజ్ ముందుగదిలో, గోడలో దాని కొలతకే కట్టించిన గూటిలో ఉంది. ఆ రోజుల్లో ఫ్రిజ్ ఉన్న ఇల్లంటే వచ్చినవాళ్ళు ముందు దాన్ని పలకరించి, తర్వాత ఇంటాయన్ని పలకరించేవారు. దసరాకు పెట్టిన కుంకుమ బొట్టు ఇంకా తలుపు మీదే ఉంది. వెల్వెట్ ముసుగు కాళ్ళ దాకా దిగింది. ఫ్రిజ్ లోపలి వేడిని వెనక ఉన్న నల్లటి ఇనుప జాలీ గుండా గదిలోకి వదులుతుంది. ఆ జాలీకి గాలి తగలాలి. ఇక్కడ మూడు వైపులా గోడ, పైన వెల్వెట్. మే నెలలో పట్టు కోటు తొడిగి, మూల నిలబెట్టి, చల్లగా ఉండమన్నట్టు ఉంది దాని పరిస్థితి.

మిగతావన్నీ ఆపించి, ఫ్రిజ్ ఒక్కటే ఉంచి, వరండాలో బిళ్ళ ముందు కూర్చున్నాను. ముప్పై తొమ్మిది సెకన్లకు ఒక చుట్టు. అంటే నూట యాభై వాట్ల పైచిలుకు. అది తప్పు కాదు, మోటారు నడిచేటప్పుడు అంత తీసుకుంటుంది. కాని ఫ్రిజ్ మోటారు కాసేపు నడిచి, లోపల తగినంత చల్లబడ్డాక ఆగాలి. మూడింట ఒక వంతు సమయం నడిస్తేనే కంపెనీ పుస్తకం చెప్పిన లెక్క వస్తుంది. నేను గంటా పది నిమిషాలు కూర్చున్నాను. అది ఒక్కసారి కూడా ఆగలేదు.

"దీన్ని తెరవొచ్చాండీ?" అన్నాను.

రాజ్యలక్ష్మి గారు లోపలి గది వైపు చూశారు. అత్తగారు నిద్రపోతున్నారు. "తెరువు. కానీ ఆయనతో అనకు" అన్నారు.

తెరిచాను. మూడు ప్రాణాల ఇంట్లో ఫ్రిజ్ నిండా గిన్నెలు. ఒకదాని మీద ఒకటి, పక్కన ఇంకొకటి. కింద కూరగాయల పెట్టెలో కూడా గిన్నెలే. మన స్టీలు గిన్నెల మీద పేర్లు చెక్కిస్తాం కదా. చదువుకుంటూ పోయాను. బి. పార్వతి, 1968. కె. సుశీల. 'మా అమ్మాయి విజయకు ప్రేమతో'. ఎం. అనసూయ, రెండు గిన్నెలు. ఎనిమిది ఇళ్ళ వరుసలో ఆరిళ్ళ హాజరు పట్టిక అక్కడ ఉంది. రాజ్యలక్ష్మి గారి పేరున్న గిన్నె ఒకే ఒకటి కనబడింది, అదీ వెనక మూల.

"ఎండలు మొదలయ్యాక, మార్చి చివరి నుంచీ" అన్నారు ఆవిడ. "ఆయన ఏడున్నర సైరనుకు వెళ్ళగానే వస్తారు. ఒకళ్ళ పాలు విరిగిపోతున్నాయంటే ఎలా కాదంటాను బాబూ? ఒకళ్ళకి ఒప్పుకున్నాక రెండోవాళ్ళని ఏమంటాం?"

"సార్ ఎప్పుడూ చూడలేదా?"

"ఆయన చల్లటి నీళ్ళు అడుగుతారు. తనంతట తీసుకోరు."

ఆ మాటతో మూడు వంతుల కేసు తేలిపోయింది. తలుపు వేసి, తీసి, గిన్నెలు ముట్టుకుని చూశాను. రెండు గిన్నెలు ఇంకా వేడిగా ఉన్నాయి. పొద్దున కాచిన పాలు కాచినట్టే తెచ్చి పెట్టారు. పైన మంచు పేటిక చుట్టూ రెండు వేళ్ళ మందాన మంచు గడ్డకట్టింది. అంత మంచు పేరుకుంటే లోపలి వేడి ఆ పేటికకు చేరదు. చల్లదనాన్ని ఆపే గోడ అవుతుంది మంచే. చల్లదనం తగ్గిందని రాజ్యలక్ష్మి గారు మీటను చివరి అంకె మీద పెట్టారు. దాంతో మోటారుకు ఆగమని చెప్పేవాళ్ళు ఎవరూ లేకుండా పోయారు.

ఇంకొకటి మిగిలింది. మధ్య అరలో పార్వతి గారి గిన్నె పెద్దది, దోసెల పిండిది. దాని అంచు తలుపును లోపలి నుంచి నెడుతున్నట్టు అనిపించింది. రీడింగు పుస్తకంలోంచి ఒక కాగితం చింపి, తలుపు రబ్బరు మధ్య పెట్టి మూశాను. రబ్బరు గట్టిగా పట్టుకుంటే కాగితం లాగినప్పుడు బిగుసుకోవాలి. ఇది వెన్నలోంచి వచ్చినట్టు వచ్చేసింది. తలుపు మూసుకున్నట్టే ఉంది గాని మూతపడలేదు.

తలుపు మూతపడకపోతే లోపలి బల్బు కూడా ఆరదు. తలుపు నొక్కితే దీపాన్ని ఆర్పే చిన్న బొత్తాం ఉంటుంది. అది పూర్తిగా నొక్కుకోవాలి. మూసిన ఫ్రిజ్‌లో దీపం వెలుగుతోందో లేదో చూడాలంటే తెరవాలి, తెరిస్తే ఎలాగూ వెలుగుతుంది. లోపల కూర్చుని చూద్దామా అంటే గిన్నెలు చోటివ్వవు. కాని మీటరు ఉంది. ఫ్రిజ్ మీటను సున్నాకు తిప్పి మోటారు ఆపేశాను, తలుపు మామూలుగా మూశాను, మళ్ళీ బిళ్ళ ముందు కూర్చున్నాను. ఇంట్లో ఇంకేదీ నడవడం లేదు. బిళ్ళ నిలబడిపోవాలి. అది నిలబడలేదు. ఎర్ర గీత చీమలాగా కదులుతూ, ఆరు నిమిషాల నలభై సెకన్లకు ఒక చుట్టు తిరిగింది. పదిహేను వాట్లు. పార్వతి గారి గిన్నె తీసి తలుపు మూసి మళ్ళీ చూశాను. గీత ఆగిపోయింది. ఆ ఇంట్లో నెలకు పైగా ఒక దీపం రాత్రీ పగలూ దోసెల పిండికి కాపలా కాస్తోంది.

నా పని అయిపోయింది. అప్పుడు నర్సింహ సంగతి చెప్పాను. ఈ యూనిట్ల మూలంగానే ఒక రీడరుకు మెమో ఇచ్చారని, వచ్చే సోమవారంతో గడువని.

"ఏ రీడరు?" అన్నారు రాజ్యలక్ష్మి గారు. "పొడుగ్గా, ఖాకీ చొక్కా వేసుకుని వస్తాడు, ఆ అబ్బాయా?"

అవునన్నాను.

"అతను ప్రతి నెలా వస్తాడు. నేనే మంచినీళ్ళిస్తాను. పోయిన నెల వచ్చినప్పుడు అనసూయ, సుశీల గిన్నెలు పట్టుకుని లోపలే ఉన్నారు. చూశాడు కూడా." ఆవిడ గడియారం వైపు చూశారు. "సాయంత్రం అయిదున్నరకు ఆయన వస్తారు. అప్పటిదాకా ఉంటావా బాబూ?"

వేరే పని చూసుకుని అయిదున్నరకు తిరిగి వచ్చాను. నిజం చెప్పాలంటే రాకుండా ఉండే దారి ఉందేమోనని కూడా చూశాను. కామేశ్వరరావు గారు అప్పుడే కాళ్ళు కడుక్కుంటున్నారు. నేను కొలిచినవన్నీ చెప్పాను. ఆయన సాంకేతికం తెలిసినవారే, వెంటనే అందుకున్నారు. తలుపు మూతపడలేదు అనేదాకా తలాడించారు. ఆ తర్వాత తలాడించడం ఆపారు.

"అయితే అది కంపెనీ లోపం. తయారీలో లోపం అని రాయండి. సరిపోతుంది."

ఆయన ఇబ్బంది నాకు అర్థమైంది. రీడరు దొంగ లెక్కలు రాశాడని ఆయన ఫ్యాక్టరీలో అందరికీ చెప్పి ఉన్నారు. ఇప్పుడు తప్పు సొంతింటి ముందుగదిలో దొరికింది. నాకు ఇరవై మూడేళ్ళు, ఆయన ఆఫీసరు, కంపెనీవాడు ఎక్కడో బొంబాయిలో. అలా రాస్తే ఎవరికీ కష్టం లేదు, నర్సింహ కూడా బయటపడతాడు. కలం తీశాను. 'తయారీ' అనే మాట రాశాను కూడా.

లోపలి నుంచి రాజ్యలక్ష్మి గారు ఆ పెద్ద గిన్నె రెండు చేతులతో పట్టుకొచ్చి, మా మధ్య బల్ల మీద పెట్టారు.

"కంపెనీది కాదండీ. ఇది పక్కింటి పార్వతిది. పేరుంది చూడండి."

"పక్కింటి వాళ్ళ గిన్నె మనింట్లో ఎందుకుంది?"

"చల్లబడుతోంది" అన్నారు ఆవిడ. "అనసూయవి రెండున్నాయి. సుశీలది ఉంది. అందరూ మీ సబార్డినేట్ల భార్యలే. మీ ఫ్రిజ్ గొప్పగా ఉందని అందరికీ చూపించిందీ మీరే కదా. చూసినవాళ్ళు ఊరుకుంటారా?"

కామేశ్వరరావు గారు లేచి వెళ్ళి ఫ్రిజ్ తలుపు తెరిచారు. బహుశా కొన్నాక మొదటిసారి. చాలాసేపు చూశారు.

"మన గిన్నె ఏదే?"

"వెనకాల. మొహమాటానికి జరిపాను."

లోపలి గదిలోంచి ఆయన తల్లి గొంతు వినబడింది. "నాకు ముందే తెలుసురా. మజ్జిగ తాగినప్పుడల్లా ఎవరింటి మజ్జిగో తెలిసిపోతుంది."

ఆయన నవ్వుతారో కోప్పడతారో తెలియక నేను కలం పట్టుకుని కూర్చున్నాను. రెండూ చెయ్యలేదు. రాజ్యలక్ష్మి గారు నా వైపు తిరిగి, "ఆ అబ్బాయి ఉద్యోగం పోకూడదు. నేనే ఒప్పుకుని పెట్టించానని రాయి. సంతకం చేస్తాను" అన్నారు. కామేశ్వరరావు గారు, "నీ సంతకం ఎందుకు, ఫిర్యాదు నాది కదా" అని, ఫిర్యాదు వాపసు తీసుకుంటున్నట్టు ఆ పూటే ఉత్తరం రాసిచ్చారు. ఇంగ్లీషులో నాలుగు పేరాలు. అందులో తప్పు ఎవరిదీ కాదు.

నేను 'తయారీ' అనే మాట కొట్టేసి, 'సామర్థ్యానికి మించి గిన్నెలు పెట్టుట చేత తలుపు పూర్తిగా మూతపడలేదు' అని రాసుకున్నాను. ఎవరి గిన్నెలో విద్యుత్ శాఖకు అక్కర్లేదు.

మర్నాడు ఫ్రిజ్‌ను గూటిలోంచి బయటకు లాగి, వెనక జానెడు ఖాళీ వదిలాం. వెల్వెట్ ముసుగును రాజ్యలక్ష్మి గారు కత్తిరించి పైన తగినంత ముక్క మాత్రం ఉంచారు. మంచు కరిగించారు. మీటను మధ్య అంకెకు దించాను. రబ్బరును తడిగుడ్డతో తుడిచి మళ్ళీ కాగితం పెట్టి చూస్తే, కాగితం చిరిగింది గాని రాలేదు. ఇంటికొక గిన్నె, చల్లారాకనే లోపలికి, పిండి గిన్నెలకు ప్రవేశం లేదు అని ఆవిడ తలుపు మీద కాగితం అంటించారు. బొట్టు పక్కనే. అనసూయ గారు రెండో గిన్నె వాపసు తీసుకెళుతూ, "కరెంటు వాళ్ళకి మా పెరుగు మీద పడిందేమిటమ్మా కన్ను" అన్నారట.

మూడు రోజుల తర్వాత రీడింగు చూశాను. పదహారు ఉన్నది పదికి దిగింది. ఫ్రిజ్ మారలేదు, ఎండ మారలేదు, ఆరిళ్ళ పాలు కూడా లోపలే ఉన్నాయి. తలుపు మూతపడింది, జాలీకి గాలి తగిలింది, అంతే.

రిపోర్టు తీసుకుని హమీద్ సాబ్ దగ్గరికి వెళ్ళాను. ఆయన మొత్తం చదివి, "పహెలే వాలా కహా హై?" అని మొదట రాసినదాన్ని అడిగారు. ఎనభై నాలుగు యూనిట్ల చిత్తు సంగతి ఆయనకెలా తెలిసిందో నాకు ఇప్పటికీ తెలియదు. చింపేద్దామనుకుంటున్నానన్నాను. "చింపకు. ఫైల్‌లో పెట్టు. అది గూడ నువ్వే రాసినవ్ గద" అన్నారు. పెట్టాను. మెమో రద్దయింది. నర్సింహ ప్రొబేషన్ జూలైలో ముగిసింది.

ఆర్డరు అందిన రోజు అతన్ని అడిగాను. గిన్నెలు చూసినవాడివి, సంజాయిషీలో రాస్తే మొదటి రోజే బయటపడేవాడివి కదా, ఎందుకు రాయలేదని.

"ఎట్ల రాస్త సారు? ఆమె నాకు చెప్పి చేస్తలేదు గద. సారుకు ఎరుక లేకుంట చేస్తున్నది. నేను రాస్తె గా ఇంట్ల లొల్లయితది." చెమట తుడుచుకున్నాడు. "ఇగ ఇంకోటి. ఎండకాలం మొత్తం లైన్ల ఒక్క ఇంట్లనే సల్లటి నీళ్ళిస్తరు. గదిగూడ బంద్ చేస్కోవాల్నా?"

ఈ రెండు కారణాల్లో ఏది ముందో నేను తేల్చలేదు. దానికి మీటరు లేదు.

ఆ ఫైలులో ఒకే చేతిరాతతో రెండు లెక్కలు ఉండేవి. కుర్చీలో కూర్చుని రాశాడని మెమో అందుకున్న మనిషి ఎండలో ఇంటింటికీ తిరిగి, చూసి రాశాడు. ఆ మెమోను నిజం చెయ్యబోయిన లెక్క కుర్చీలోనే తయారైంది, అది నాది. అంకె తప్పు కాదు. ఎనభై నాలుగు చక్కటి అంకె. ఆ ఇంట్లో లేదు, అంతే.

ఆ తర్వాత ముప్పై నాలుగేళ్ళు అదే శాఖలో ఉన్నాను. మా పరీక్ష ఫారంలో మీటరు నంబరుకు, సీలు నంబరుకు, వినియోగదారు పేరుకు గడులు ఉండేవి. 'వస్తువును చూసిన తేదీ' అనే గడి ఉండేది కాదు. స్కేలు పెట్టి నేనే గీసుకునేవాణ్ణి. నా కింద పనిచేసినవాళ్ళు దాని మీద జోకులు వేసుకునేవారు, కొన్ని బాగుండేవి కూడా. ఆ గడి ఖాళీగా ఉన్న కాగితం మీద మాత్రం నేను సంతకం పెట్టలేదు.